కుడి కుర్చీ విభాగం

విమానం ముందు భాగంలో రెండు కుర్చీలుంటాయి. ఎడమ కుర్చీలో కూర్చునేది కెప్టెన్. విమానం ఆయనది, మాట ఆయనది, గంటలూ ఆయనవే. కుడి కుర్చీలో కూర్చున్నవారు ఏం చేస్తారన్నది తేల్చడానికి మా గగనకాల ధ్రువీకరణ మండలిలో ఒక విభాగం పెట్టారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ విభాగానికి సూపరింటెండెంటుని నేను. నా పేరు భూషణం. ఇంతవరకు ఏమీ తేలలేదు. తేలిపోతే విభాగం ఎత్తేస్తారు గనక మేం తొందరపడలేదు కూడా.

మా మండలి పని చిన్నదేం కాదు. ఏ పైలట్ ఎన్ని గంటలు ఎగిరాడో మేం ముద్ర వేస్తేనే ఎగిరినట్టు. ముద్ర పడని గంట ఆకాశంలో గడిచినా గడవనట్టే. ఇంత బాధ్యత నెత్తిన ఉన్నవాళ్ళం గనక మాలో ఎవరమూ సాధ్యమైనంతవరకు విమానం ఎక్కం. ఎక్కితే పక్షపాతం వస్తుంది. ఒక్కసారైనా తిరుపతికి విమానంలో వెళ్దామని మా ఆవిడ పదేళ్ళుగా అడుగుతోంది. ఆఫీసు పరువు దృష్ట్యా రైల్లోనే వెళ్తున్నాం.

పైలట్ చదువు పూర్తయ్యేసరికి పిల్లల చేతిలో రెండు వందల గంటలుంటాయి. పెద్ద కంపెనీలు ఐదు వందలుంటే గాని గుమ్మం తొక్కనివ్వవు. మిగతా మూడు వందలు ఎక్కణ్ణుంచి రావాలి? ఉద్యోగం చేస్తే వస్తాయి. ఉద్యోగం ఎప్పుడొస్తుంది? గంటలుంటే వస్తుంది. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అని మన పెద్దలు వైమానిక రంగాన్ని ఎంతో ముందే పసిగట్టారు. అందుకని ఈ పిల్లలు ఏదో చిన్న కంపెనీని బతిమాలుకుని, చిన్న విమానంలో కుడి కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క గంటా పోగుచేసుకుంటారు. పోగుచేసుకుని ముద్ర కోసం మా దగ్గరికి వస్తారు.

గొర్లె హైమావతి అలాగే పోయిన జూలైలో వచ్చింది. పలాస దగ్గరి పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయి. తల్లి అక్కడ బడిలో టీచరు. ఆవిడ ప్రతి ఆదివారం ఫోన్ చేసి మొట్టమొదట అడిగే మాట "ఎన్ని గంటలయ్యాయే?" అనేనట. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి, పాపం వీళ్ళింట్లో గడియారం లేదు కాబోలని చాన్నాళ్ళు అనుకుందట.

హైమావతి లాగ్ పుస్తకంలో ఐదు వందల గంటల ఇరవై నిమిషాలున్నాయి. రెండు వందల చిల్లర చదువులో ఎగిరినవి, మూడు వందలు తొమ్మిది సీట్ల ఎయిర్ టాక్సీలో కుడి కుర్చీవి. వాటితోపాటు ఒక పెద్ద కంపెనీ ఉత్తరం కూడా ఉంది. మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రంలోగా ఐదు వందల గంటల ధ్రువపత్రం తెస్తే ఉద్యోగం, ఆ తేదీ దాటితే పిలుపు రద్దు. అప్పటికింకా ఎనిమిది నెలల గడువుంది. ప్రతి పేజీ మీదా కెప్టెన్ సంతకం ఉంది. మామూలు రోజుల్లో అయితే టీ తాగి ముద్ర వేసి పంపేవాణ్ణి. కాని సరిగ్గా ఆ వారమే మాకు కొత్త సంచాలకులు వచ్చారు.

విశ్వంభర ప్రసాద్ గారు అంతకుముందు మంచినీటి చేపల శాఖలో చేశారు. చెరువుల్లో వదిలిన చేపపిల్లలన్నీ నిజంగా వదిలినవేనా అని మళ్ళీ లెక్కపెట్టించి పేరు తెచ్చుకున్నారు. ఆ అమ్మాయి పుస్తకాన్ని కూడా అలాగే తిరగేశారు.

"అమ్మా, మీరు కూర్చున్న ఈ విమానాన్ని నడపడానికి ఎంతమంది కావాలి?" అని అడిగారు.

"ఒక్కరు చాలండి. కాని కంపెనీ వాళ్ళు ఇద్దర్ని..."

"ఒక్కరు చాలునని తయారీదారు కాగితాల్లోనే ఉంది. అట్టి పరిస్థితుల్లో రెండవ వ్యక్తి యొక్క ఆవశ్యకత ఉన్నట్టా, లేనట్టా?"

"రేడియో నేనే మాట్లాడతానండి. సగం దారి నేనే నడుపుతాను. దింపేది కూడా చాలాసార్లు నేనే."

"మీరేం చేశారని నేనడగలేదు. మీరు అవసరమా అని అడిగాను." ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అవసరం లేని కుర్చీలో కూర్చున్న కాలం కాలమే కాదు. భూషణం గారూ, రాసుకోండి."

రాసుకున్నాను. మూడు రోజుల్లో ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, ఫ్రేమ్ కట్టించి మా విభాగంలో గోడకి తగిలించారు. మూడు వందల గంటలు కొట్టేశాం.

"మరి ఆ మూడొందల గంటలూ నేనెక్కడున్నట్టండి?" అని అడిగింది హైమావతి.

"అది మీ వ్యక్తిగత విషయం" అన్నారు సంచాలకులు.

ఆయన వ్యక్తిగతం అన్నా ఆఫీసు ఊరుకోదు కదా. విమానంలో ఉండి, సిబ్బంది కాకపోతే, ప్రయాణికురాలు కావాలి. ప్రయాణికురాలికి టిక్కెట్ ఉండాలి. మూడు వందల గంటల ప్రయాణానికి టిక్కెట్లు పదిహేను రోజుల్లో చూపించవలసిందని నోటీసు వెళ్ళింది. నోటీసు కింద సంతకం నాదే. ఆ పిల్ల దాన్ని పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చింది.

"ఏటి సార్ ఇది? యూనిఫాం వేసుకుని టిక్కెట్ లేకుండా ఊరు తిరిగానంటారా? మా అమ్మకి ఇది చదివి వినిపించమంటారా?"

నాకు సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళలో చాలా నోటీసుల మీద సంతకాలు పెట్టాను గాని సిగ్గు వేయడం అదే మొదలు. అయినా కుర్చీ కుర్చీయే గనక, జవాబు రాతపూర్వకంగా ఇమ్మన్నాను.

ఆమె జవాబు రాసింది. అదే నోటీసు అందుకున్న మిగతా పిల్లల జవాబులు కూడా దేశం నలుమూలల నుంచీ వచ్చి పడ్డాయి. మా గదిలో ఫ్యాన్ వేస్తే కాగితాలే ఎగిరేవి. కుడి కుర్చీ ఎప్పుడు అవసరమో తేల్చడానికి సంచాలకులు ఆవశ్యకతా సంఘాన్ని వేశారు. ఆ సంఘం నాలుగు సమావేశాల తర్వాత ఒక సంగతి కనిపెట్టింది. కెప్టెన్లు బయటికి కనిపించకుండా కళ్ళకు అడ్డు పెట్టుకుని, ముందున్న పరికరాలు మాత్రమే చూస్తూ సాధన చేసే పద్ధతి ఒకటుందట. అప్పుడు బయట చూడడానికి పక్కన ఇంకో పైలట్ తప్పనిసరట.

సంచాలకుల ముఖం వెలిగిపోయింది. "చూశారా! కెప్టెన్‌కి కనిపించనప్పుడే కుడి కుర్చీకి ఆవశ్యకత ఏర్పడుతోంది. అయితే పరికరాలు కనిపిస్తున్నాయంటే సగం చూపు ఉన్నట్టే. సగం చూపుకి సగం అవసరం. పూర్తి గంట కావాలంటే పూర్తిగా కనిపించకూడదు."

ఇంత సూటిగా ఆలోచించే మనిషి చేపల శాఖలో ఎలా ఉండిపోయాడా అని మేమంతా ఆశ్చర్యపోయాం. సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. విమానం నేల వదిలిన ఐదో నిమిషం నుంచి మళ్ళీ చక్రాలు నేల తాకేదాకా కెప్టెన్ కళ్ళకు గంతలు కట్టుకుని ఉంటే, ఆ కాలం కుడి కుర్చీ వారి లెక్కలో జమ. గంతలు ముదురాకుపచ్చ ఖద్దరువి, రెండు మడతలవి అయి ఉండాలి. కెప్టెన్‌కి ఏమీ కనిపించలేదనడానికి రుజువుగా ఇద్దరు ప్రయాణికుల ధ్రువపత్రం జతపరచాలి. ఆ పత్రం నమూనా నేనే తయారుచేశాను. "కెప్టెన్ గారికి ఏమీ కనిపించలేదని మేము కళ్ళారా చూశాము" అన్నది అందులో మొదటి వాక్యం.

దీనికి ఎడమ కుర్చీ విభాగం వాళ్ళు అడ్డం తిరిగారు. కళ్ళు కనిపించని మనిషికి కెప్టెన్ గంటలు ఎలా ఇస్తామని వాళ్ళ ప్రశ్న. నెల రోజులు రెండు విభాగాల మధ్య ఫైలు అత్తారింటికీ పుట్టింటికీ తిరిగినట్టు తిరిగింది. చివరికి రాజీ కుదిరింది. కెప్టెన్ చూడకపోయినా పర్యవేక్షిస్తాడు గనక ఆయన గంటలు ఆయనకి. కాబట్టి ఆయన స్పృహలో ఉండి పర్యవేక్షిస్తున్నంతసేపే కుడి కుర్చీ గంటలు కుడి కుర్చీకి. కెప్టెన్ ఏమీ చూడకూడదు, కాని మెలకువగా ఉండాలి. రెండు విభాగాలూ సంతకాలు చేసి, లడ్డూలు పంచుకున్నాయి.

హైమావతి రెండు వందల చిల్లర దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమెకు దొరికిన అదృష్టం ఒక్కటే, కెప్టెన్ నర్సింగరావు. యాభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి, సిద్దిపేట వైపు ఆయన. ఉత్తర్వు అర్థం కాక ఆమెను వెంటబెట్టుకుని ఒకసారి మా ఆఫీసుకి వచ్చాడు.

"ఏంది సార్ గిది? ముప్ఫయ్యేండ్ల సంది కండ్లు తెరిచి నడిపిన. ఇప్పుడు మూసుకొమ్మంటరా?" అని అడిగాడు.

"మీ ఇష్టమండి, బలవంతం లేదు. కాని మీరు చూస్తే ఈ అమ్మాయి గంటలు పోతాయి" అన్నాను.

ఆయన ఒకసారి ఆ పిల్ల వైపు చూసి, చెయ్యి చాపాడు. "ఇటియ్యి బిడ్డా ఆ గుడ్డ. నా కండ్లు మూస్తే నీకు కొలువొస్తదంటే, మూస్త పో."

అప్పటినుంచి ఆ విమానం లేచిన ఐదు నిమిషాలకి ప్రయాణికులకు ఎదురుగా కనిపించేది గంతలు కట్టుకున్న కెప్టెన్. చిన్న విమానం గనక మధ్యలో తలుపు కూడా ఉండదు. "ఆందోళన చెందవద్దు, ఇది ప్రభుత్వ నిబంధనల ప్రకారమే జరుగుచున్నది" అని ఒక ప్రకటన రాసి ఇచ్చాం. ప్రకటన విన్నాక ఆందోళన ఇంకా పెరిగిందని కంపెనీ వాళ్ళు ఫిర్యాదు చేశారు. ఒకాయన కర్నూలు దాకా ఆంజనేయ దండకం చదువుతూనే ఉన్నాడట. వెనక సీట్లో పెద్దావిడ ప్రభువుని పిలుస్తూనే ఉందట. దిగాక ఇద్దరూ ధ్రువపత్రం మీద సంతకాలు పెట్టారు.

ఒకసారి మాత్రం చిక్కొచ్చింది. ఓ ప్రయాణికుడు రుజువు కోసమని కెప్టెన్ ముందు వేళ్ళు పెట్టి ఎన్నో చెప్పమన్నాడు. నర్సింగరావు నోటికొచ్చినట్టు మూడు అన్నాడు. అవి మూడే. ఆ ప్రయాణికుడు నిజాయితీపరుడు గనక ఉన్నదున్నట్టు రాశాడు. ఆ రోజు గంటా పది నిమిషాలు కొట్టేశాం. మర్నాటి నుంచి ఎవరెన్ని వేళ్ళు చూపించినా కెప్టెన్ "పదకొండు" అనేవాడు. ఇంక పేచీ రాలేదు.

అసలు సంగతి అందరికీ తెలిసిందే. కళ్ళకు గంతలున్న మనిషి విమానం నడపడు. ఐదో నిమిషం నుంచి దింపేదాకా ఆ పిల్లే నడిపేది. కెప్టెన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన చిన్ననాటి చెరువుల ముచ్చట్లు చెబుతూ పర్యవేక్షించేవాడు. కాగితం మీద మాత్రం నడిపేది ఆయన, చూసేది ఆమె. మాకు కావలసింది కాగితమే.

మార్చి ఇరవై తొమ్మిది పొద్దుటికి హైమావతి లెక్క నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల ఐదు నిమిషాలకి వచ్చింది. ఇంకా యాభై అయిదు నిమిషాలు కావాలి. ఆ నెలలో ఆమెకు మిగిలింది ఒక్కటే ప్రయాణం, ఆ మధ్యాహ్నమే కడప నుంచి హైదరాబాదు. సరిగ్గా గంట. మొదటి ఐదు నిమిషాలు తీసేస్తే యాభై అయిదు.

ఆ విమానంలోనే సంచాలకులు క్షేత్ర పరిశీలనకు బయల్దేరారు. ఉత్తర్వు ఎలా అమలవుతోందో స్వయంగా చూడాలన్నారు. సాక్షులుగా ఇద్దరు ప్రయాణికులు ఉండాలి గనక నన్ను కూడా రమ్మన్నారు. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కుతున్నానని మా ఆవిడకి చెప్పలేదు. మేం రైల్లో వెళ్ళి విమానంలో రావాలన్నది ఏర్పాటు.

పర్యటన అంటే మా ఆఫీసులో ఒక పద్ధతుంది. వెళ్ళిన అధికారి తిరిగొచ్చాక "వచ్చి చేరితిని" అని రిపోర్టు ఇవ్వాలి. అందులో విమానం దిగిన వేళ, దించిన పైలట్ పేరు, మేం ముద్ర వేసిన లాగ్ ప్రకారం రాయాలి. అంతవరకు ఆయన పర్యటనలోనే ఉన్నట్టు. పర్యటనలో ఉన్నవారు ఫైలు మీద సంతకం చేయరాదు. ఒక అధికారి పర్యటన పేరు చెప్పి అత్తవారింట్లో వారం రోజులు పడుకున్నాడని విశ్వంభర ప్రసాద్ గారే ఈ నిబంధన తెచ్చారు.

కడపలో కారం దోసెలు తిన్నాం. కడపకొచ్చి కారం దోసె తినకపోతే పర్యటన సంపూర్ణం కాదని సంచాలకులు పట్టుబట్టి కెప్టెన్ చేత నాలుగు తినిపించారు. పరిశీలన గనక ప్రయాణికులం మేమిద్దరమే. మధ్యాహ్నం మూడున్నరకి విమానం లేచింది. మూడూ ముప్ఫై అయిదుకి హైమావతి కెప్టెన్ కళ్ళకు గంతలు కట్టింది. నేను రెండు వేళ్ళు చూపించాను. "పదకొండు" అన్నాడాయన. సంచాలకులు సంతృప్తిగా తలూపారు.

నల్లమల మీదికి వచ్చేసరికి విమానం ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది. ఎండ, కుదుపు, కడుపులో కారం, కళ్ళముందు చీకటి. చూస్తూ నడిపే మనిషికి ఆ కుదుపు ఏమీ కాదట. కళ్ళు కట్టేస్తే ఎంతటివాడికైనా తల తిరుగుతుందట. నర్సింగరావు ముచ్చట ఆపేశాడు. మెడ మీద చెమటలు కారాయి. "బిడ్డా, నాకెట్లనో అయితాంది" అన్నాడు. తల భుజం మీదికి వాలిపోయింది. చేతికి గడియారం ఉంది గనక చూశాను. మూడూ యాభై రెండు.

హైమావతి ఒక చేత్తో ఆయన గంతలు లాగేసింది.

"విప్పకండి! విప్పితే నిబంధన..." అంటూ సంచాలకులు సీట్లోంచి లేచారు.

"కూర్చోండి సార్. బెల్టు పెట్టుకోండి" అంది ఆ పిల్ల, వెనక్కి తిరక్కుండానే. ఆయన కూర్చున్నారు. మా సంచాలకులు ఒకరి మాటకి అలా కూర్చోవడం నేను మునుపెన్నడూ చూడలేదు. "భూషణం గారూ, కెప్టెన్ గారి తల వెనక్కి పట్టుకోండి. ముఖం మీద నీళ్ళు చల్లండి. ఊపిరి ఆడుతోందా చూసి చెప్పండి."

చెప్పినట్టు చేశాను. ఊపిరి బాగానే ఆడుతోంది గాని ఆయన కళ్ళు తెరవలేదు. ఆమె రేడియోలో టవర్ వాళ్ళకి సంగతి చెప్పింది. అంబులెన్స్ కావాలంది. గొంతు మామూలుగానే ఉంది, మెడ మీద నరం మాత్రం కొట్టుకుంటోంది. నా ఎడమ చెయ్యి కెప్టెన్ తల కింద ఉంది. కుడి చెయ్యి సంచాలకుల చేతిలో ఉంది. నాకూ భయమే. ఈ పిల్లకి టిక్కెట్లు చూపించమని నోటీసు ఇచ్చిన చెయ్యి ఇదేనని గుర్తొచ్చి మరీ భయమేసింది.

ఒక పెద్ద కుదుపుకి సంచాలకులు గట్టిగా అరిచారు. "అమ్మా, హైమావతీ! మమ్మల్ని దించమ్మా. నీకు ఎన్ని గంటలు కావాలంటే అన్ని రాసిస్తాను!"

అలవాటు కొద్దీ వేళ చూసుకున్నాను. నాలుగూ పదకొండు.

సరిగ్గా నాలుగున్నరకి దింపింది. మా ఆవిడ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టినప్పుడు కూడా అంతకంటే ఎక్కువ చప్పుడవుతుంది. అంబులెన్స్ వచ్చేసరికి నర్సింగరావు కళ్ళు తెరిచాడు.

"దింపినవా బిడ్డా?"

"దింపాను సార్."

"నాకైతే ఏం గనవడలే. సాక్ష్యం గట్టిదే" అని నవ్వబోయి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రానికి తేరుకున్నాడు గాని, రెండు రోజులు మంచం దిగొద్దన్నారు డాక్టర్లు.

మర్నాడు పొద్దున్నే సంచాలకులు చేరిక రిపోర్టు పడేసి, కుర్చీలో కూర్చుని, ఆ ఫైలు తెప్పించుకున్నారు. అంతకు ముందురోజు నా చెయ్యి పట్టుకున్న మనిషేనా అని నాకు అనుమానం వచ్చింది. ఎదురుగా హైమావతి నిలబడి ఉంది.

"మూడూ ముప్ఫై అయిదు నుంచి యాభై రెండు వరకు పదిహేడు నిమిషాలు పరిగణనలోకి తీసుకోబడినవి. ఆ తదుపరి కెప్టెన్ స్పృహలో లేరు. స్పృహలో లేని వ్యక్తి పర్యవేక్షించజాలరు. కావున మిగిలిన ముప్ఫై ఎనిమిది నిమిషాలు కుడి కుర్చీ కాలం కాజాలదు."

"అప్పుడు నేనొక్కదాన్నే నడిపానండి. కెప్టెన్ గంటలుగా రాయండి మరి" అంది ఆమె.

"కెప్టెన్ కాలం ఎడమ కుర్చీలో మాత్రమే సంభవిస్తుంది. మీరు ఎడమ కుర్చీలో కూర్చున్నారా?"

"కుర్చీ మారుతూ కూర్చోవడానికి అదేటి సినిమా హాలా సార్! మీరు వెనకాలే ఉన్నారు కదా. ఎన్ని గంటలు కావాలంటే అన్ని రాసిస్తానని మీరే అన్నారు."

"నాలుగూ పదకొండుకండి" అన్నాను నేను.

సంచాలకులు నా వైపు చూడలేదు. "గగనతలంలో ఉండగా నేను పర్యటనలో ఉన్నాను. పర్యటనలో ఇచ్చిన హామీలకు పరిపాలనాపరమైన విలువ లేదు."

"అయితే ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలూ విమానాన్ని ఎవరు నడిపినట్టండి?"

"రికార్డుల ప్రకారం ఎవరూ నడపలేదు."

ఉత్తర్వు మీద సంతకం చేసేశారు. హైమావతి బయటికొచ్చి నా బల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. లాగ్ పుస్తకం ఒళ్ళో ఉంది. నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల ఇరవై రెండు నిమిషాలు. గడువు మర్నాడు సాయంత్రం. మర్నాడు ఆమెకు విమానం లేదు, కెప్టెన్ మంచం మీదున్నాడు.

"రేపు ఆదివారం కాదు కదా, అమ్మ ఫోన్ చెయ్యదు" అని ఏడవకుండా ఉండడానికి నవ్వింది. "చేస్తే ఏటి చెప్పాలి సార్?"

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పైఅధికారి మీద కోపం వస్తే ఇంటికెళ్ళి పెరుగన్నం తిని పడుకునేవాణ్ణి. ఆ రోజు పడుకోవాలనిపించలేదు. కోపం తీర్చుకోవడానికి గుమాస్తాకి తెలిసిన దారి ఒక్కటే. పరమ వినయంగా నోట్ రాశాను.

"సంచాలకుల వారి నేటి ఉత్తర్వు ప్రకారం మూడు గంటల యాభై రెండు నిమిషాల తదుపరి సదరు విమానమును ఎవరూ నడపలేదు. ఎవరూ నడపని విమానమును ఎవరూ దించలేదు. ఎవరూ దించని విమానము దిగినట్లు మండలి అంగీకరించజాలదు. అందులో ప్రయాణించుచున్న సంచాలకుల వారి చేరిక రిపోర్టుకు ఆధారము లేదు. వారు దిగునంతవరకు వారి విధులను సంయుక్త సంచాలకులు నిర్వహించుటకు తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

నేనూ అదే విమానంలో ఉన్నవాణ్ణి గనక నా సంతకం చెల్లదు. కింది గుమాస్తా వసంతకుమారి చేత పెట్టించి, ఫైలు సంయుక్త సంచాలకురాలు తాయారమ్మ గారి దగ్గరికి పంపాను. తాయారమ్మ గారు నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి. ముఖ్యంగా మర్నాడు పదకొండు గంటలకి మహా సంచాలకుల పదవికి ఇంటర్వ్యూ ఉందనీ, సంచాలకులు రాలేకపోతే ఆ తర్వాతి స్థానంలో ఉన్నవారినే పిలుస్తారనీ ఆవిడకు తెలుసు. పది నిమిషాల్లో ఉత్తర్వు వచ్చింది.

ముప్ఫై ఒకటిన పొద్దున సంచాలకులు కొత్త సూటు వేసుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలో తాయారమ్మ గారు కూర్చుని ఉన్నారు.

"ఏమిటిది? లేవండి! నేను వచ్చాను!" అన్నారు.

"నమస్కారమండి. మీరింకా రాలేదు" అన్నారావిడ ఎంతో మర్యాదగా. "గాల్లో ఉన్నారు. మీ ఉత్తర్వే చెబుతోంది."

"అయితే ఆ ఉత్తర్వు రద్దు చేస్తున్నాను."

"చేద్దురుగాని, ముందు దిగండి. గాల్లో ఉన్నవారి సంతకం చెల్లదని మీరే కదా పెట్టారు. అందాకా ఆ కుర్చీలో కూర్చోండి."

బల్లకి కుడివైపున వచ్చేపోయేవాళ్ళ కోసం వేసిన కుర్చీ ఒకటుంది. ఆయన అందులో కూర్చున్నారు. పదకొండు గంటలకి ఇంటర్వ్యూ నుంచి పిలుపు వస్తే, హాజరు గుమాస్తా రిజిస్టరు చూసి, సంచాలకుల వారు గగనతలంలో ఉన్నారని జవాబిచ్చాడు. తాయారమ్మ గారు వెళ్ళొచ్చారు. మధ్యాహ్నం రెండింటిదాకా సంచాలకులు ఆ కుర్చీలోనే ఉన్నారు. బంట్రోతు టీ ఇవ్వాలా వద్దా అని నన్నడిగాడు. ప్రయాణికులకి ఇవ్వొచ్చన్నాను.

మూడింటికి తాయారమ్మ గారు ఆయనకి అసలు సంగతి చెప్పారు. ఆర్థిక సంవత్సరం ఆ సాయంత్రంతో సరి. రాత్రికి సిబ్బంది జాబితా పైకి వెళ్తుంది. నేల మీద లేనివారి పేరు అందులో ఉండదు. ఇక దిగడానికి దారి ఒక్కటే. ఆ విమానం దిగిందనీ, ఎవరు దించారో చూశామనీ ఇద్దరు ప్రయాణికులు ధ్రువపత్రం ఇవ్వాలి. నాది సిద్ధంగా ఉంది. రెండోది ఆయనదే కావాలి.

గంటసేపు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాలుగూ పదికి నన్ను పిలిచారు. బెంచీ మీదున్న హైమావతి కూడా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"రాయండి" అన్నారు సంచాలకులు. "మూడూ యాభై రెండు నుంచి నాలుగున్నర వరకు విమానమును..." అక్కడ ఆగారు. "...గొర్లె హైమావతి ఒక్కరే నడిపి, మమ్మల్ని క్షేమంగా దించినారు. కళ్ళారా చూశాను."

ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలూ హైమావతి లెక్కలో కలపమని తాయారమ్మ గారు సంతకం చేశారు. నేను ముద్ర వేశాను. పంతొమ్మిదేళ్ళలో అంత గట్టిగా ఏ ముద్రా వేయలేదు, సిరా వెనక పేజీలోకి దిగింది. ఐదు వందల గంటల సున్నా నిమిషాలు. హైమావతి పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఆదివారం కాకపోయినా అవతలినుంచి అదే ప్రశ్న నా దాకా వినిపించింది.

"ఐదొందలమ్మా" అంది ఆ పిల్ల. అప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే, ఐదు లోపల కంపెనీకి చేరాలని మెట్లు దిగి పరుగెత్తింది.

సంచాలకులు కుడివైపు కుర్చీలోంచి మెల్లిగా లేచారు. రెండు రోజుల్లో మనిషి బాగా వాడిపోయారు.

"భూషణం గారూ, మొన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా రెండు రోజులు... అవి నా సర్వీసులో ఎలా రాస్తారు?" అని అడిగారు.

నేను గోడకున్న ఫ్రేము తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"అవసరం లేని కుర్చీలో కూర్చున్న కాలం కాలమే కాదండి" అన్నాను.